నాలుగు వందల పన్నెండు మాటలు

గట్టిమేస్త్రి అంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. లేతు మిషను మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇనుము చెక్కిన మనిషి. షెడ్డులో నాలుగు లేతులూ ఒక డ్రిల్లింగు మిషనూ ఒకేసారి తిరుగుతుంటే పక్కవాడికి మాట వినబడాలంటే అరవాల్సిందే. అరిచీ అరిచీ అదే అలవాటైపోయింది. ఇంటికొచ్చి "ఉప్పు తే" అన్నా వీధి మలుపుదాకా వినబడేది. పాపం ఆ ఇంట్లో రోజూ గొడవలే కాబోలని, కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఓ నెల రోజులు ఆయన భార్య మీద జాలిపడేవారు. అది ఆయన మామూలుగా మాట్లాడటమేనని ఆ తర్వాత తెలిసేది.

ఆవిడ నెమ్మదస్తురాలు. చదువు రాదు. బస్సు మీద నంబరు గుర్తుపడుతుంది, కరెంటు బిల్లు రంగు చూసి గుర్తుపడుతుంది, అంతే. "చదివేవాళ్ళు ఇంట్లో ఇద్దరున్నారుగా, మూడోదాన్ని నేనెందుకు?" అని మొగుణ్ణీ కూతుర్నీ చూపించి నవ్వేసేది. ఆ మాటకు తను ఇంత బాధపడాల్సొస్తుందని ఆవిడెప్పుడూ అనుకోలేదు.

ఆరేళ్ళ కిందట ఆయన గొంతులో గడ్డ బయటపడింది. స్వరపేటిక మొత్తం తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారు. ఆపరేషన్‌కు ఐదు రోజుల ముందు ఆసుపత్రిలో ఒకామె కూతుర్ని పక్కకు పిలిచి ఒక ఉపాయం చెప్పింది. ఒక ప్రోగ్రాం ఉంది, కావలసిన మాటలన్నీ ముందే మీ నాన్న గొంతుతో రికార్డు చేసి పెట్టుకోండి, తర్వాత కంప్యూటర్లో మీట నొక్కితే ఆ మాట ఆయన గొంతుతోనే పలుకుతుంది అని. కూతురు తన పాత కంప్యూటర్ తెచ్చి నాన్న మంచం పక్కన పెట్టింది.

నాలుగు రోజులు రికార్డు చేశారు. ఏమేం కావాల్సొస్తాయో ఆలోచించి చెప్పు నాన్నా అంది కూతురు. ఆయన ఆలోచించి చెప్పాడు. మంచినీళ్ళు కావాలి. ఫ్యాను వెయ్యి. ఫ్యాను ఆపు. నాకు నొప్పిగా ఉంది. మందు వేసుకున్నాను. తలుపెవరో కొడుతున్నారు. టీవీ తగ్గించు. నన్ను కాసేపు వదిలెయ్. కొద్దిరోజుల్లో కత్తి కిందకు వెళ్ళబోయే మనిషి, మంచం మీదున్న రోగికి ఏం కావాలో అవే తలుచుకున్నాడు. "మెల్లగా చెప్పు నాన్నా, మైకు పగిలిపోతోంది" అని కూతురంటే, "మెల్లగానే చెప్తున్నా కదే!" అని అరిచాడు. అదీ రికార్డయింది. తీసెయ్యబుద్ధి కాలేదు కూతురికి. అన్నీ కలిపి నాలుగు వందల పన్నెండు తేలాయి.

ఆయన బతికాడు. రోగం మళ్ళీ తిరిగి రాలేదు. నోరు కదిపితే గాలి తప్ప శబ్దం లేదు. పెదాలు చూసి, చేతులు చూసి ఆవిడ సగం అర్థం చేసుకునేది. మిగతా సగానికి కంప్యూటర్ ఉంది. ఆయన దగ్గర ఒక పలక కూడా ఉండేది. కొట్టుకెళ్తే దాని మీద రాసి చూపించేవాడు, కూతురొస్తే రాసి చూపించేవాడు. పెళ్ళానికి రాసి ఏం లాభం?

కాబట్టి ఆ పాత కంప్యూటరే ఆ ఇంట్లో మొగుడి గొంతు. ఆవిడ వంటింట్లో ఉంటే ముందుగదిలోంచి "ఇదిగో, ఎక్కడున్నావ్?" అని కేక వినబడేది. అచ్చం పూర్వంలాగే, గోడలు అదిరేలా. "ఇక్కడే చచ్చాను, వస్తున్నా" అని ఆవిడ విసుక్కునేది. ఆ విసుగులో ఎంత సంతోషముందో ఆవిడకే తెలుసు. పొద్దున్నే మెత్తటి గుడ్డతో ఆ డబ్బాను తుడిచేది. చంటిపిల్లకు స్నానం చేయించినంత జాగ్రత్త.

ఆ కంప్యూటరే ఈ ఏడాది మొరాయించడం మొదలుపెట్టింది. ఆన్ చేస్తే తెర వెలగడానికి పన్నెండు నిమిషాలు. మాట సగంలో ఆగిపోయి, "మంచి, మంచి, మంచి" అని అక్కడే కొట్టుకునేది. ఒక్కోరోజు తెరంతా నీలంగా అయిపోయి ఏమీ పలికేది కాదు. చివరికి మేస్త్రి ఒక చీటీ రాసి పంపిస్తే రిపేరక్క వచ్చింది.

రిపేరక్క అసలు పేరు ఎవరూ వాడరు. సందులో చిన్న కొట్టు, నలభై దాటిన వయసు, భుజానికి స్క్రూడ్రైవర్ల సంచీ. ఆమెకో పట్టుదల ఉంది. కంప్యూటర్ సొంతదారు తన నోటితో సరే అననిదే దాన్ని ఫార్మాట్ చెయ్యదు. పూర్వం ఎవరో ఫోన్లో ఊఁ అన్నారనుకుని ఒకరి డబ్బాలో ఉన్నదంతా తుడిచేసి, ఏడాదిపాటు నిద్ర పట్టక అల్లాడిన మనిషి.

రెండు గంటలు కుస్తీ పట్టి ఆమె నిట్టూర్చింది. "పిన్నీ, ఉన్నదున్నట్టు చెప్తాను. లోపల ఓఎస్ పూర్తిగా పాడైంది. నేను అతుకులు వేస్తే ఓ వారం నడుస్తుంది, మళ్ళీ కూలబడుతుంది. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తే నిక్షేపంగా పనిచేస్తుంది."

"అయితే ఎక్కించవే తల్లీ, ఆలోచించేదేముంది?"

"ఉంది. బాబాయ్ మాటల ప్రోగ్రాం మళ్ళీ ఎక్కదు. ఎక్కించిన ప్రతిసారీ అది ఆ కంపెనీ అనుమతి అడుగుతుంది. ఆ కంపెనీ మూతపడి మూడేళ్ళైంది. రికార్డు చేసిన మాటలు పెన్‌డ్రైవ్‌లో దాచిస్తాను, అవి ఎక్కడికీ పోవు. కానీ మీటలుండవు. నాలుగొందల చిల్లర ఫైళ్ళు వెతికి ఒక్కొక్కటీ తెరిచి మోగించుకోవాలి. అలా మాట్లాడుకోవడం అయ్యే పని కాదు."

"మరి ఈయన మాట్లాడేదెలా?"

"కొత్త ప్రోగ్రాం ఉంది. బాబాయ్ ఏం టైపు చేస్తే అది చదివి వినిపిస్తుంది. పాత ఓఎస్ మీద అది నడవదు. గొంతు మాత్రం ఎవరిదో ఉంటుంది."

రెండో కంప్యూటర్ కొనే తాహతు ఆ ఇంట్లో లేదు. ఫోను మీద టైపు చేద్దామంటే, లేతు కింద నలిగి మొద్దుబారిన ఆ వేళ్ళకు ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి. ఉంటే ఇదుండాలి, లేకపోతే అదుండాలి.

"వద్దు," అంది ఆవిడ. "వారం నడిస్తే వారమే నడవనీ. నువ్వే వారవారం రా. ఎవడి గొంతో తెచ్చి నా ఇంట్లో పెట్టకు."

అంతదాకా గోడకానుకుని చూస్తున్న మేస్త్రి కుర్చీలో కూర్చున్నాడు. మౌసు పట్టుకుని తెర మీద వెతికాడు. ఒక మీట నొక్కాడు. "సరే!" అని గది దద్దరిల్లింది.

"అది మిషను అంది, ఈయన కాదు," అంది ఆవిడ కోపంగా. "తన గొంతు తుడిచెయ్యడానికి తన గొంతుతోనే సరే అంటాడా? మీకు మతిపోయిందా ఏమిటండీ? మీకు మిగిలిందే అది కదా. ఆ మాత్రం కూడా లేకపోతే ఈ కొంపలో నాకేం వినబడుతుంది?"

ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఒక పేజీ చూశాడు. ఇంకో పేజీ చూశాడు. మీటల మీద బాణం గుర్తు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. కావలసింది దొరకలేదు. చివరికి మౌసు వదిలేసి, పలక అందుకుని, రెండు మాటలు రాసి రిపేరక్క చేతికిచ్చాడు.

రిపేరక్క చదవడానికి కాస్త తటపటాయించింది. "మళ్ళీ పడితే, అని రాశాడు పిన్నీ."



నెలన్నర కిందట ఆవిడ స్నానాలగదిలో జారిపడింది. మోకాలు మెలితిరిగి లేవలేకపోయింది. ఆయన పరుగెత్తుకొచ్చి లేపబోతే ఆవిడ కెవ్వుమంది. పక్కింటివాళ్ళను కేకెయ్యాలి. కేకెయ్యడానికి ఆయనకున్నది ఆ డబ్బా ఒక్కటే. వెళ్ళి మీట నొక్కాడు. తెర నీలంగా అయిపోయింది. ఆపి మళ్ళీ ఆన్ చేసి, ఆ పన్నెండు నిమిషాలూ కాలు గాలిన పిల్లిలా గదిలో తిరిగాడు. మళ్ళీ నీలమే. పలక సంగతి తోచనంత కంగారులో స్పానరు తీసుకుని వీధిలోకి పోయి గేటు మీద బాదాడు. మేస్త్రికి పిచ్చెక్కిందనుకుని కొందరు తలుపులు వేసుకున్నారు. ఒకావిడకు అర్థమయ్యేసరికి ముప్పావుగంట గడిచింది. కాలు కట్టు విప్పాక ఆవిడ ఆ సంగతి మరిచిపోయింది. ఆయన మరవలేదని ఆవిడకు ఈరోజే తెలిసింది.

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "తుడిచేముందు ఒక్కసారి 'ఇదిగో' అనమనండి."

ఆయన నొక్కాడు. "ఇదిగో, ఎక్కడున్నావ్?" మధ్యలో ఎక్కడా తడబడకుండా పూర్తిగా పలికింది, పాడు మిషను. ఈసారి ఆవిడ విసుక్కోలేదు. "ఇక్కడే ఉన్నానండీ," అని వంటింట్లోకి వెళ్ళిపోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

రిపేరక్క మాటలన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించింది. లెక్క చూసుకుంది, నాలుగు వందల పన్నెండూ వచ్చాయి. అప్పుడు ఫార్మాట్ చేసింది. సాయంత్రానికి కొత్త ఓఎస్, దాని మీద కొత్త ప్రోగ్రాం సిద్ధమయ్యాయి. కీబోర్డు మీద తెలుగు ఎలా కొట్టాలో మేస్త్రికి చూపించి, ఒక కాగితం మీద రాసి గోడకు అంటించింది. "మెల్లగా వచ్చేస్తుంది బాబాయ్," అని సంచీ సర్దుకుని వెళ్ళింది.

ఆవిడ అటు వైపు చూడనుకూడా లేదు. కూరగాయలు ముందేసుకుని వంటింటి గడప దగ్గర వీపు తిప్పి కూర్చుంది. వెనక టక్, టక్ అని ఒక్కో అక్షరం పడుతోంది. ఆగుతోంది. మళ్ళీ పడుతోంది. అరగంట అయింది. ఒక మంచినీళ్ళడగడానికి అరగంటా అని ఆవిడకు ఒళ్ళు మండింది.

అప్పుడొక గొంతు పలికింది. ఎవరో బ్యాంకులో పనిచేసే కుర్రాడిలా, మెత్తగా, మర్యాదగా ఉంది.

"ఇదిగో. ఆ రోజు నువ్వు పడ్డప్పుడు నాకు చాలా భయం వేసింది. నువ్వు నేల మీద ఏడుస్తుంటే నీకేదైనా చెప్పాలని మీటలన్నీ మనసులోనే తిరగేశాను. నాకు నొప్పిగా ఉంది అని ఉంది. నీకు నొప్పిగా ఉందా అని లేదు. ఆ నాలుగు రోజుల్లో అన్నీ నా గురించే చెప్పుకున్నాను. నీ గురించి ఒక్కటీ అడిగి పెట్టుకోలేదు. ఆరేళ్ళ నుంచి ఇలాంటివి పలక మీద రాసి ఎవరితోనైనా చదివిద్దామని అనుకుంటూనే ఉన్నాను. నీకు చెప్పే మాట ఇంకొకరి నోట చెప్పించడం ఇష్టం లేకపోయింది."

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. ఆరేళ్ళుగా ఆ గొంతు విని మొగుడు మాట్లాడుతున్నాడనుకుంది. ఆయన నోట్లో ఆ నాలుగు వందల పన్నెండు తప్ప ఇంకో మాట లేదని, రోజూ ఆ తెర మీద వెతుక్కుంటున్నది అందుకేనని, ఒక్కనాడూ తోచలేదు. మనిషి నెమ్మదించాడు కాబోలు అనుకుంది.

మళ్ళీ టక్, టక్. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

"కాలు ఇంకా నొప్పిగా ఉందా?"

కూతురికీ, డాక్టరుకీ, పక్కింటావిడకీ అందరికీ ఆవిడ తగ్గిపోయిందనే చెప్పింది. గడప పట్టుకుని మెల్లగా లేచి, కుంటుకుంటూ వచ్చి, ఆయన పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఉందండీ," అంది. "రాత్రుళ్ళు బాగా లాగుతోంది."

ఆయన తలూపి, కీబోర్డు దగ్గరకు లాక్కుని, తర్వాతి అక్షరం కోసం వెతకడం మొదలుపెట్టాడు.