పోశం నంబరు

పోశం పోయి ఏడాదిన్నర దాటినా, ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు పోశం నంబరు నుంచి ఫోను వచ్చేది.

రాజవ్వ ఆ వేళకు బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉండేది. పక్కన చిన్న ఫోను. అది మోగగానే భర్త పేరు వెలిగేది. ఆ పేరు కూతురు సరిత ఎక్కించినది. తీసేయడానికి తల్లికీ బిడ్డకీ చెయ్యి రాలేదు. ఎత్తితే అవతల ఒక మగ గొంతు "షికమో" అని ఆగేది. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఆగేది. "ఎవరు నాయినా? మా పోశం ఏడున్నడు?" అని రాజవ్వ అడిగేది. ఆ గొంతు ఏవేవో మాటలు చెప్పేది. మధ్యలో పోశం పేరు వినబడేది. చివర ఒక ప్రశ్నలాంటిది అడిగేది, వారం వారం అదే ప్రశ్న. రాజవ్వకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఫోను తెగిపోయేది. చాటలో సగం చుట్టిన బీడీ ఆకు విచ్చుకునేది.

అది హమీసి గొంతని ఆమెకు తెలుసు, పోశం ఉన్నప్పుడే విన్నది; పోశం ఫోను ఇప్పుడు అతని దగ్గరే ఉంది. కథలాపూర్ మండలంలో కూలి చేసుకునే పోశం ఆరేళ్ల కింద మస్కట్ దాటి ఎక్కడో ఖర్జూర తోటలో పనికి పోయాడు. ఆ తోటలో ఉన్నది ఇద్దరే, పోశమూ, ఆఫ్రికా దిక్కు ఒక దీవి నుంచి వచ్చిన హమీసీ. అతనికి హిందీ రాదు, పోశానికి అరబ్బీ రాదు. "నా కూర ఆయన తింటడు, ఆయన భాష నేను తింటున్న" అని పోశం ఫోనులో నవ్వేవాడు.

తెలంగాణ ఇస్తామన్న మాట ఢిల్లీ నుంచి వచ్చి, రెండు వారాలకే వెనక్కి మళ్లిన ఆ చలికాలంలో పోశం పెట్టెలో వచ్చాడు. నిద్రలోనే పోయాడని అన్నారు. ఎక్కడ చూసినా బందులు, రాస్తారోకోలు. విమానాశ్రయం నుంచి బండి రావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. సిరిసిల్ల దగ్గర నేత పనివాళ్లు సాంచాలు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంట చేసుకుంటున్నారట. బండిలో పెట్టె చూడగానే ఎవరూ చెప్పకుండానే కాలే పొయ్యిలను పక్కకు జరిపి తోవ ఇచ్చారట. ఒక ముసలాయన తన సాంచా మీద నేసిన తెల్ల బట్ట తెచ్చి పెట్టె మీద కప్పాడట. బండితో వచ్చిన మరిది కొమురెల్లి ఆ సంగతి చెప్పి ఏడ్చాడు. ఇంత దయ ఉన్న లోకంలో పెట్టె తెరచి ఒక్కసారి చూసే భాగ్యానికి తాను నోచుకోలేదే అని రాజవ్వ తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

పెట్టె తెరవొద్దన్నారు పెద్దమనుషులు. ఆలస్యమైంది, చూడలేవన్నారు. "నేను చూసిన వదినా, మావోడే," అని కొమురెల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆ మాట మీదనే మామ సమాధి పక్కన పోశాన్ని పూడ్చారు.

కొమురెల్లి చూడలేదు. వదిన తట్టుకోలేదని అలా అన్నాడు. ఆ మాట నాలుగు నెలలకు బయటపడింది. అంతలోనే పక్క మండలంలో ఒకరి పెట్టెలో ఇంకొకరు వచ్చారని కబురు పాకింది. మోసినవాళ్లలో ఒకరు, పెట్టె తేలికగా ఉండెనని ఎవరితోనో అన్నారు. ఇక రాజవ్వకు కునుకు లేదు. జగిత్యాలలో ఒక ఆఫీసుకు పోయి అడిగితే అక్కడి గుమాస్తా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాయితాలన్నీ రెండుసార్లు చదివి వినిపించాడు. పేరు సరిగ్గా ఉంది, తండ్రి పేరు సరిగ్గా ఉంది. మనిషి సంగతి కాయితానికి ఎట్లా తెలుస్తుంది?

ఇంట్లో గోడవారన ఇనుప సందూగ ఉంది. దాని తాళంచెవి పోశం మొలతాడుకు ఉండేది. ఆ తాడు పొట్టిది. విప్పడం బద్ధకమై, నడుమును సందూగ దగ్గరకు వంచి, చెవిని అట్లాగే తాళంలో దూర్చి తిప్పేవాడు. "సందూగకు దండం పెడుతున్నవా?" అని రాజవ్వ ఎకసెక్కం చేసేది. మస్కట్ పోయే హడావుడిలో ఆ చెవి నడుము మీదనే వెళ్లిపోయింది. అది రాజవ్వకూ పోశానికీ తప్ప మూడో మనిషికి తెలియదు. చెవి ఎక్కడో పారేశాడనే సరిత అనుకునేది. తాళం పగలగొడదామంటే తల్లి ఒప్పుకునేది కాదు.

పెట్టె వచ్చిన తర్వాత, పొద్దుగూకే వేళ, సందూగ దగ్గర 'టిక్' మని చప్పుడు వినబడసాగింది. చెవి ఇనుముకు తగిలిన చప్పుడు. దీపం పట్టుకుని ఉరికితే ఎవరూ ఉండరు.

పెత్రమాసకు చనిపోయినవాళ్ల పేరున బియ్యం ఇవ్వాలి. పోయిన ఏడు రాజవ్వ ఇవ్వలేదు. బతికున్న మనిషి పేరున ఇస్తే ఆయుష్షు తుంచినట్టే. పోయినవాడికి ఇవ్వకపోతే ఆకలితో ఇంటి చుట్టూ తిరుగుతాడు. ఈ ఏడు కూడా ఇవ్వకుంటే అన్న ఉపాసం ఉంటాడని కొమురెల్లి మెల్లగా అన్నాడు. దేవుడా, నా చేత ఏ పాపం చేయించకు అని ఆమె పొద్దూ మాపూ మొక్కుకునేది. నిజం తెలిసినవాడు ఒక్క హమీసే. పెట్టెలో పెట్టేముందు పోశానికి స్నానం చేయించింది అతనేనని తోట యజమాని మనుషులు అప్పట్లోనే ఫోనులో చెప్పారు.

ఒక శుక్రవారం రాజవ్వ కోరుట్ల నుంచి సలావుద్దీన్ ఆటోలో వస్తుండగా ఫోను మోగింది. ఆటో చప్పుడులో వినబడక స్పీకర్ పెట్టింది. సలావుద్దీన్ ఆటో పక్కకు ఆపేశాడు.

"గిది మా ఇంటామె భాష రాజవ్వా," అన్నాడు. "మొంబాసా ఆమె, ఆఫ్రికా దిక్కు. నాలుగేండ్ల కింద మస్కట్‌ల నిఖా చేసుకొని తెచ్చిన."

అట్లా రాజవ్వ కోరుట్లలో వాళ్ల ఇంటికి పోయింది. గడప బయటే నిలబడితే సలావుద్దీన్ తల్లి మైమూనా బీ చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయి మంచం మీద కూర్చోబెట్టింది. కోడలు సుమయ్యా సంగతంతా విని, ఈసారి ఫోను వస్తే తానే మాట్లాడి అడుగుతానంది. రాజవ్వ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు మంచిదానివి బిడ్డా. గందుకే వద్దంటున్న. మంచోళ్లందరు నన్ను చూసి జాలిపడి చెప్పిన్రు. నువ్వూ చెప్తవు. నా చెవుల వడాలె, నేను అడగాలె. గా భాష నాకు నేర్పు."

సుమయ్యా, ఆమె వెంట తెచ్చుకున్న బీడీల చాటను చూసింది. తర్వాత చాట తీసి ఆమె ఒళ్లో పెట్టింది. పని చేసుకుంటూనే నేర్చుకొమ్మన్నట్టు.

వారానికి రెండు రోజులు సలావుద్దీన్ కిరాయి తీసుకోకుండా ఎక్కించుకుని తెచ్చేవాడు. బీడీ కట్టకు ఇరవై ఐదు. ఒక్కో బీడీకి ఒక్కో అంకె. మోజా, మ్బిలి, తాతు, న్నే, తానో. కట్ట తప్పితే భాష తప్పినట్టు, భాష తప్పితే కట్ట తప్పినట్టు. "నా కోడలికి నాలుగేండ్లల తెలుగు సక్కగ రాలే, నీకు నాలుగు నెలలల గీ భాష ఎట్లస్తది?" అని మైమూనా బీ దెప్పుతూనే చాయ్ పోసేది. సుమయ్యా మాత్రం విసుక్కోలేదు. పుట్టింటి భాష ఇన్నేళ్లూ పెరట్లో కోళ్లతోనే మాట్లాడిందట. రాజవ్వ మొదటిసారి తప్పు లేకుండా నీళ్లడిగిన రోజు, చెంబు అందిస్తూ సుమయ్యా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

'షికమో' అంటే పెద్దవాళ్లకు పెట్టే దండమని అప్పుడే తెలిసింది. పెద్దవాళ్లు 'మరహబా' అని అందుకోవాలి. అందుకునేదాకా చిన్నవాడు ఆగుతాడు. ఏడాదిన్నరగా ఆ పిల్లగాడి దండం తాను అందుకోనే లేదని రాజవ్వ ఆ పూట అన్నం తినలేదు. అయినా వెంటనే అందుకోలేదు. అందుకుంటే మాట సాగుతుంది, సాగితే అడగాలి. ప్రశ్న నోట్లో కుదురుకునేదాకా ఫోను మోగినప్పుడల్లా ఊరికే వినేది.

మొలతాడు సంగతి సుమయ్యాకు చెప్పలేదు. ఇంట్లోని వస్తువులన్నింటి పేర్లూ అడిగింది. తలుపు, గొళ్లెం, గంటె, చాకు, తాడు, తాళంచెవి, ఉప్పు. అన్నింటి మధ్య ఆ ఒక్కటీ దాచుకుంది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూసేశారు. బొగ్గు గనులు ఆగి కరెంటు పోయింది. బస్సులూ ఆగిపోయాయి. పెత్రమాస మంగళవారం. దానికి ముందు మిగిలింది ఒక్క శుక్రవారం. ఆ రోజు రాజవ్వ ఫోనులో చార్జింగు లేదు, ఊళ్లో కరెంటు లేదు. తెల్లారే బయలుదేరి కాలినడకన కోరుట్ల చేరింది. సలావుద్దీన్ ఆటోను వాకిట్లోకి తెచ్చి, దాని బ్యాటరీకి తీగ తగిలించి ఫోను పెట్టాడు. రాజవ్వ వెనక సీట్లో కూర్చుంది. సుమయ్యాను దగ్గరకు రావొద్దంది, దూరం పోవద్దంది. సుమయ్యా గుమ్మంలో నిలబడింది.

మూడు గంటలకు పోశం పేరు వెలిగింది.

"షికమో."

"మరహబా," అంది రాజవ్వ. "మ్వనంగు." నా కొడుకా అని.

అవతల ఊపిరి ఆగినట్టయింది. తర్వాత మగవాడి ఏడుపు. రాజవ్వ ఏడవలేదు. మెల్లగా మాట్లాడు నాయినా అని అతని భాషలోనే చెప్పింది. మూడు నెలలుగా నోట్లో నానబెట్టిన ప్రశ్న అప్పుడు అడిగింది. "కియునోని కులికువ న నిని?" నడుముకు ఏముండె?

నల్ల తాడు, అన్నాడు హమీసి. నల్ల తాడు లేని మగవాడు ఎవడు? అది చాలదు. రాజవ్వ ఆటో రేకును గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఉఫుంగువో," అన్నాడు. తాళంచెవి. చిన్నది.

ఆ తర్వాత అతను చెప్పింది నాలుగుసార్లు చెప్పించుకుంది. కడిగేటప్పుడు ఒంటిమీద ఏదీ ఉంచకూడదు, వాళ్ల పద్ధతి. తాడు తీశాడు. తీసి చేతిలో పట్టుకుని ఆలోచించాడు. మనిషి ఇంటికి పోతున్నాడు. తీరా పోయేసరికి తలుపుకు తాళం ఉంటే ఎట్లా? మళ్లీ నడుముకు కట్టాడు. రెండు ముళ్లు వేశాడు.

ఇక వారం వారం అడిగే ఆ ప్రశ్న అడిగాడు. ఈసారి రాజవ్వకు ప్రతి మాటా అర్థమైంది. తలుపు తెరుచుకుందా?

రాజవ్వ కళ్ల ముందు మామ సమాధి పక్కన మట్టి కుప్ప కదిలింది. దాని కింద పెట్టె, పెట్టెలో తాడు, తాడుకు చెవి. ఇంట్లో గోడవారన తెరవని సందూగ. ఇన్నాళ్లూ తనను కాల్చిన మాటలన్నీ దయతో చెప్పినవే. ఆమె కళ్లు మూసుకుంది.

"న్దియో," అంది. "ఉలిఫుంగుక." ఆఁ, తెరుచుకుంది.

"అసంతే," అన్నాడు హమీసి. కృతజ్ఞతలని. ఫోను ఎవరూ పెట్టేయలేదు, దానంతట అదే తెగింది. రాజవ్వ సీటు మీద ఒరిగిపోయి, పెట్టె వచ్చిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. సుమయ్యా వచ్చి పక్కన కూర్చుంది. వాకిట్లో కోళ్లకు నూకలు చల్లుతున్న మైమూనా బీ, చల్లడం ఆపి అట్లాగే నిలబడింది.

పెత్రమాస నాడు పొద్దున్నే రాజవ్వ తలస్నానం చేసి, బియ్యం, పప్పు, సొరకాయ, చింతపండు చాటలో పెట్టి జంగమయ్యకు ఇచ్చింది. ఎవరి పేరునని అతను అడిగాడు.

"మా ఇంటాయిన పేరున. పోశం," అంది. వెనకాల కొమురెల్లి భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

సాయంత్రం వాడకట్టు ఆడపిల్లలతో సరిత బతుకమ్మ ఎత్తుకుని పోయింది. కరెంటు లేదు. రాజవ్వ గుమ్మం లోపల కూర్చుని ఆఖరి కట్ట చుడుతోంది. పద్దెనిమిది, పంతొమ్మిది. సందూగ దగ్గర 'టిక్' మంది.

ఆమె దీపం పట్టుకుని లేవలేదు. ఒళ్లోని చాటను పక్కకు జరిపింది. కాళ్లు ముడుచుకుని గోడకు ఆనుకుని, సందూగ దాకా తోవ ఇచ్చింది.