మంగంపేటకు మోసుకెళ్లిన బొమ్మలు

ఉదయం ఆరున్నరకు కర్నూలు బస్టాండు పక్కన ఉగ్గాని, బజ్జీ తిని కడప బస్సెక్కాను. సంచిలో రెండు బొమ్మల పుస్తకాలు, నేను గీసిన బొమ్మల నవల కాగితాలు. మంగంపేట ముగ్గురాయి గనిలో రాళ్లు విరిగిపడి చనిపోయిన ఓబులేసు కథ అది. రెండేళ్ల కింద అతని భార్య సుబ్బమ్మే నాకు చెప్పింది. ఆమె చదివి సరేనంటేనే అచ్చుకిస్తానని మాటిచ్చాను. ఆ మాట కోసమే ఈ ప్రయాణం.

నంద్యాల దాటాక ఆ రెండు పుస్తకాల్లో జపానుది తీశాను. అలవాటుకొద్దీ ఎడమనుంచి మొదలుపెడితే, దెబ్బ తగలకముందే మనిషి కింద పడి ఉన్నాడు. పక్క సీట్లో గడ్డం నెరిసిన టైలరు, ఆళ్లగడ్డలో చెల్లెలింటికి పోతున్నాడు, నా తంటా చూసి నవ్వాడు.

"కుడి నుంచి రాప్పా. మా ఉర్దూ మాదిరే ఉండాది."

పుస్తకం తీసుకుని హాయిగా తిప్పేశాడు. భాష రాకపోయినా బొమ్మలే సరిపోయాయి ఆయనకు. ఒకచోట ఆగి, "ఒక్క దెబ్బకు ఇన్ని పేజీలా? చచ్చేటోనికి ఇంత టైం యాడిది?" అన్నాడు.

నేనూ నవ్వాను గానీ, ఆ సాగదీతే నాకిష్టం. దాన్ని చూసే ఓబులేసు చివరి క్షణాన్ని నాలుగు పేజీలు గీశాను.

రెండోది యుద్ధంలో చెదిరిన ఒక ఇంటి కథ, అంతా నలుపూ తెలుపూ. పేజీలకు పేజీలు మాట ఉండదు. ఏదో ఒకటి పలుకు మహానుభావా అని నాకు ఒళ్లు మండుతుంది. చిన్నప్పటి రంగుల పురాణాలే నయం, తల తెగిన రాక్షసుడు కూడా నాలుగు ముక్కలు మాట్లాడి పోయేవాడు. మైదుకూరు వచ్చేసరికి అదీ మూసేశాను. బయట ఎండిపోయిన శనగ చేలు.

కడపలో సంగటి తిని కోడూరు బస్సు పట్టుకున్నాను. దిగినచోట ఆటో దొరుకుతుంది. వెళ్లేవాళ్లు నీళ్లు, ముక్కుకు అడ్డంగా ఒక గుడ్డ వెంట ఉంచుకోండి. గని దగ్గరపడేకొద్దీ చెట్ల ఆకులు కూడా బూడిదరంగులోనే ఉంటాయి.

సుబ్బమ్మ అరుగుమీద చాప వేసింది. బొమ్మల కథ చదవడం ఆమెకిదే మొదలు. ఒక్కో గడి మీదా వేలుపెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ఓబులేసు అన్నం తింటూ "మే, ఇంకొంచెం ఎయ్" అనే బొమ్మ దగ్గర నవ్వింది.

"ముద్ద ఇంత చిన్నది తినేటోడు కాదప్పా. మాట మాత్రం అచ్చం ఆయప్పదే."

తర్వాత ఆ నాలుగు పేజీలు వచ్చాయి. చివరి గడిలో రాళ్ల మధ్య ఓబులేసు ముఖం, నోటి దగ్గర "సుబ్బూ!" అన్న కేక. వేలు అక్కడ ఆగిపోయింది.

"అరిసినాడా?"

"లేదక్కా. నేనే ఊహించి రాసినా."

"పడిన గడియలోనే పాణం పోయింటాది, నొప్పి గూడా తెలిసుండదు అన్యాడు డాక్టరు. ఆ మాట పట్టుకునే నేను అన్నం తింటాండా."

ఆ కాగితం లాగి ఆమె ముందే చింపేశాను. ఆమె కాఫీ ఇచ్చింది. "అది లేకుండా ఏసుకోప్పా" అంది. వచ్చిన పని అయిందని, నిజం చెప్పాలంటే, నా గుండె తేలికపడింది.

తిరుగు ప్రయాణంలో బస్సు మైదుకూరులో టీకి ఆగినప్పుడు ఆమె ఫోన్ చేసింది.

"అప్పా, ఆయప్ప నన్ను పేరు పెట్టి పిల్చిందే లేదు. 'మే' అనేటోడని నీకు చెప్పింటి గదా. అన్నం కాడ అట్లనే రాస్తివి. ఊహించి రాసేటోనివైతే ఆడ గూడా అట్లనే రాసుందువు. ఎవురో విని నీకు చెప్పినారు. ఎవురప్పా?"

"ఎవరూ చెప్పలేదక్కా, ఒట్టు. పేరుంటే చదివేవాళ్లకు గట్టిగా తగులుతుందని రాసినా."

"నేను బాధపడతానని దాస్తాండావు. శానాసేపు పిల్చినాడా?"

ఎన్ని రకాలుగా చెప్పినా ఆమె నమ్మలేదు. కండక్టరు కేకేస్తే వచ్చి సీట్లో కూర్చున్నాను. కర్నూలు చేరేదాకా ఏ పుస్తకమూ తెరవబుద్ధి కాలేదు. నేను చింపేసి వచ్చిన పేజీని ఆమె ఇక రోజూ చదువుతుంది. అందులో ఓబులేసు నొప్పి తెలిసే చనిపోతాడు. అలా గీసింది నేను.