కుదుళ్ళు పూడిపోయాక

మొన్న ఆదివారం మా మనవరాలు, అంటే నా కూతురి కూతురు, కొరియరులో వచ్చిన అట్టపెట్టె విప్పి అందులోని సీసాలన్నీ మంచం మీద నిలబెట్టింది. షాంపూ, కండిషనరు, మాస్కు, జుట్టుకొక సీరం, మాడుకు ఇంకొక సీరం, కొసలకు వేరే నూనె. సంతోష్‌నగర్‌లో మా ఇంటి ముందుగదిలో నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల ఒక్కో సీసా వెనక అచ్చువేసిన చిన్న అక్షరాలు పైకి చదువుతూ, క్యూటికల్ అంటే ఏమిటో, కార్టెక్స్ అంటే ఏమిటో ఫోనులో వెతకబోతుంటే నేనే చెప్పడం మొదలుపెట్టాను. వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులాగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుందనీ, దాన్నే క్యూటికల్ అంటారనీ, లోపల బలాన్నీ రంగునీ మోసేది కార్టెక్స్ అనీ చెప్పుకుంటూ పోయాను. ఫాలికల్ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చేతిలోని చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టేశాను. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లేచి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద పాలేమీ లేవు. ఆ పిల్లకు చెప్పలేనిది, నా ఈడువాళ్ళు కనుక మీకు చెబుతాను.

మేము కిషన్‌బాగ్‌లో పుట్టి పెరిగినవాళ్ళం. మా బాపుకు బర్రెలుండేవి. తెల్లవారకముందే పాలు పిండి, సైకిలుకు రెండు వైపులా క్యాన్లు కట్టుకొని, చార్మినార్ చుట్టుపక్కల హోటళ్ళకు పోసి వచ్చేవాడు. ఇంట్లో మేమిద్దరం ఆడపిల్లలం, అక్క, నేను. అక్క జడ మోకాళ్ళు దాటేది. పెరుగూ మజ్జిగా కరువులేని ఇల్లు కావడం వల్ల, అమ్మ వారానికోసారి అక్క తలకు పుల్లటి పెరుగు పట్టించి, నానబెట్టిన కుంకుడుకాయల రసంతో రుద్ది, కళ్ళు మండకుండా నాలుక మీద ఉప్పుగల్లు పెట్టి, సాంబ్రాణి పొగ వేసి ఆరబెట్టేది. ఆ జుట్టు ఆరడానికి ఒక పూటంతా పట్టేది. ఒకసారి కొట్టంలో పేడ ఎత్తుతున్న అక్క జడ కొసను దూడ ఒకటి గడ్డి అనుకొని నమలడం మొదలుపెడితే, అక్క నవ్వలేక, కదలలేక, ఆ దూడ నోట్లో వేళ్ళు పెట్టి జడ బయటికి లాక్కున్నది ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వులకేం తక్కువలేదు.

ఇంటరు తప్పిన తర్వాత నన్ను పత్తర్‌గట్టిలో ఒక ఫ్యాన్సీ దుకాణంలో పనికి పెట్టారు. అత్తర్లు, తలనూనెలు, సబ్బులు, రిబ్బన్లు, పిన్నులు అమ్మే దుకాణమది. యజమాని పెద్దాయన, గడ్డం నెరిసినవాడు, అందరికీ చాచా. తెలుగు మాట్లాడే ఆడవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ అవసరం కనుక్కోవడానికి ఒక ఆడపిల్ల కావాలని బాపుతో అన్నాడట, ఆయన దుకాణానికి ఎదురుగా ఉన్న హోటలుకు మా పాలే పోసేవాళ్ళం. అప్పటిదాకా రీఠా, అదే కుంకుడుకాయ, శీకాయ పొడులు తూకం వేసి కాగితంలో కట్టే అరలోకి, నేను చేరిన కాలంలోనే షాంపూ సీసాలూ, చిన్న ప్యాకెట్లూ, ఆ వెనకనే కండిషనర్లూ వచ్చి చేరాయి. కొనేవాళ్ళకు అవేమిటో తెలియదు, అమ్మే మాకూ తెలియదు. కండిషనరును షాంపూ అనుకొని తలకు రుద్దుకొని, నురగ రాలేదని తిరిగి తెచ్చి కౌంటరు మీద పెట్టినవాళ్ళున్నారు.

అందుకని కంపెనీ మనిషి ఒకాయన రంగుల పటం పట్టుకొని వచ్చి, దుకాణంలో పనిచేసే మమ్మల్నందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. షాంపూ మాడు మీది జిడ్డునూ మురికినీ తీస్తుంది, కండిషనరు మాడుకు కాదు, వెంట్రుకకు మాత్రమే, లేచిన పెంకుల్ని మళ్ళీ పడుకోబెడుతుంది. చర్మం పైకి కనిపించే వెంట్రుకంతా ప్రాణం లేనిదేననీ, చర్మం కింద కుదురు కూర్చునే చిన్న గుంట ఉంటుందనీ, దాని పేరు ఫాలికల్ అనీ, ప్రాణమంతా అక్కడేననీ చెప్పాడు. ఈ మాట విని చాచా గడ్డం నిమురుకుంటూ, "ముర్దా బాలాఁ కా ధందా హై బేటీ, హఁస్తే హఁస్తే కరో" అన్నాడు. చచ్చిన వెంట్రుకల వ్యాపారం, నవ్వుతూ చేసుకో అని. నేను ఆ సాయంత్రం ఇంటికి పోయి, అక్క జడ చేతిలోకి తీసుకొని, ఇదంతా చచ్చిపోయిందట తెలుసా అని ఆటపట్టించాను.

అక్క ఒకసారి రంజాన్ నెలలో గాజుల కోసం వచ్చి దుకాణంలో నాకోసం కాసేపు నిలబడింది. ఎదుటి మెట్ల మీద కూర్చొని ఏదో బోర్డు రాసుకుంటున్న పెయింటరు కుంచె ఆపి చూశాడు. చాచా కూడా చూశాడు. ఆ తర్వాత చాచా తానే కిషన్‌బాగ్ దాకా వచ్చి, కొట్టం పక్కన నులకమంచం మీద కూర్చొని, ముఖం కనిపించకుండా వెనక నుంచి జడ మాత్రం దుకాణం బోర్డు మీద వేయించుకుంటానని బాపును మర్యాదగా అడిగాడు. బాపు వెంటనే ఒప్పుకోలేదు. రోజుల తరబడి ఆలోచించి, అమ్మను అడిగి, అక్కను అడిగి, చివరికి సరేనన్నాడు. అక్క మా వాకిట్లో గోడవైపు తిరిగి నిలబడితే పెయింటరు కాగితం మీద గీసుకొని పోయాడు. బోర్డు లేచిన తర్వాత మా నూనెల అమ్మకం పెరిగింది. ఆడవాళ్ళు వచ్చి బోర్డు చూపించి ఆ పిల్ల వాడేదే ఇమ్మనేవారు. అక్క ఏ పని మీద బజారుకు వచ్చినా చుట్టుతిరిగి మా దుకాణం ముందు నుంచే పోయేది. తల ఎత్తి చూసేది కాదు. చూడకుండానే చూసుకునేది.

మొదటి మచ్చ అమ్మ చేతికి తగిలింది. దువ్వుతూ ఉంటే నడినెత్తిన చింతగింజంత చోటు నున్నగా ఉంది. పేనుకొరుకుడు అన్నారందరూ. దానంతట అదే మొలుస్తుందన్నారు. గురివింద గింజ అరగదీసి పెట్టాం, ఉల్లిపాయ రసం రుద్దాం, బాపు పాలు పోసే ఇంటివాళ్ళు చెప్పిన హకీం దగ్గర నూనె తెచ్చాం. నేను దుకాణం నుంచి ఒకదాని వెనక ఒకటి సీసాలు తెచ్చాను. ఏ సీసా ఎక్కడిదాకా పనిచేస్తుందో నాకు తెలుసు, అయినా తెచ్చాను, ఉత్త చేతులతో ఇంటికి పోబుద్ధి కాక. మచ్చ మానలేదు. దాని పక్కన ఇంకొకటి వచ్చింది, రెండూ కలిశాయి. అక్కకు అక్కడ మంటగా ఉండేది, రాత్రుళ్ళు తడిగుడ్డ వేసుకొని పడుకునేది. జడ సన్నబడితే అమ్మ సవరం పెట్టి అల్లింది. కొన్నాళ్ళకు సవరం కట్టడానికి కూడా పట్టు దొరకలేదు.

ఒకరోజు అక్క కిటికీలో ఉన్న సీసాలన్నీ కిందికి దించి నా ముందు పెట్టింది.

"గీటిల్ల తోలు కిందికి పోయేది ఏదన్న ఉన్నదా చెల్లె?"

నేను చదువుకున్న పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నకు పనికిరాలేదు. లేదని చెప్పాను. దవాఖానకు పోదామని కూడా చెప్పాను.

ప్రభుత్వ దవాఖానలో చర్మం డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, మాట మెత్తన. అక్క తలను దీపం కిందికి వంచి, భూతద్దం పెట్టి, చాలాసేపు చూసింది. వేలితో ఆ నున్నటి చోటును తడిమింది. అక్క తల వంచుకునే అడిగింది.

"మల్ల మొలుస్తయా మేడం?"

"పేనుకొరుకుడైతే మొలుస్తాయమ్మా. ఇది అది కాదు. వెంట్రుక మొలిచే గుంటలే పూడిపోయాయి. అక్కడ ఇప్పుడున్నది మచ్చ."

"నూనెలు, మందులు గిట్ల పెడ్తే?"

"ఏది రాసినా పైనే ఉండిపోతుంది తల్లీ. మిగిలిన జుట్టయినా నిలుస్తుందేమో, మాత్రలు రాస్తాను. పోయింది మాత్రం తిరిగి రాదు."

అక్క కొంగు తలమీదికి లాక్కొని, దండం పెట్టి బయటికి వచ్చింది. డాక్టరమ్మ అబద్ధం చెప్పకపోవడం మంచిదే అయినా, ఆ వరండాలో నడుస్తూ నేను మాత్రం ఆమె అబద్ధం చెప్పి ఉంటే బాగుండుననుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు అక్క పత్తర్‌గట్టి దగ్గర దిగుదామంది. మా దుకాణానికి ఎదురుగా, బట్టల కొట్టు అరుగు పక్కన నిలబడి, మొదటిసారి తల ఎత్తి ఆ బోర్డును తీరిగ్గా చూసింది. మనుషులు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు.

"మీ చాచాకు చెప్పు, అది తీసెయ్యమను," అంది.

నేను చెప్పాను. చాచా కారణం అడగలేదు. పండుగ బేరం నడుస్తున్న రోజులు, ఆ బోర్డు చూసే జనం లోపలికి వస్తున్న రోజులు. అయినా మర్నాటికల్లా పెయింటరును పిలిపించి, జడ మీద తెల్లరంగు పూయించాడు. నేను కౌంటరు వెనక నుంచి చూస్తూనే ఉన్నాను, కింది కొస మొదట పోయింది.

డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు అక్క క్రమం తప్పకుండా వేసుకుంది. ఫలితం లేకపోయింది. చెవుల పైన, మెడ దగ్గర కాస్త మిగిలింది, దాన్నీ తనే కత్తిరించుకుంది. కొన్ని నెలలకు బజారుకు వచ్చి, ఆ తెల్లబోర్డు చూసి, ఇంటికి పోయి అన్నం ముందు కూర్చొని అంది.

"తీయమనకపోతే అయిపోవు చెల్లె. గా ఒక్క దగ్గరన్న ఉండె."

మర్నాడు చాచాతో చెబితే, ఎంత పని, మళ్ళీ వేయిద్దామని పెయింటరుకు కబురు పెట్టాడు. పెయింటరు వచ్చాడు. పాత కాగితం ఎప్పుడో పోయిందట. పాపం ఆయనకేమీ తెలియదు, రంగుల డబ్బా కింద పెట్టి, మీ అక్కను మళ్ళీ ఒకసారి వచ్చి నిలబడమనండి, పొద్దుటి వెలుతురులో అయితే బాగా వస్తుంది అన్నాడు. చాచా నా ముఖం చూసి, ఆయనకు చాయ్ తెప్పించి, పని లేదని పంపేశాడు. ఆ సంగతి నేను అక్కకు చెప్పలేదు.

సంబంధాలు చూడొద్దని అక్కే బాపుతో చెప్పింది. ఇగ ఎవ్వర్నీ తోల్కరాకు బాపు, అని అంతే. బాపు కొట్టంలోకి పోయి కుడితి కలిపాడు. బయటికి వెళ్ళేటప్పుడు అక్క నల్లటి స్కార్ఫు గట్టిగా చుట్టుకునేది. బజారులో కొట్లవాళ్ళు ఆమెను ముస్లిం అమ్మాయి అనుకొని, అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేవారు. ఆమె దిద్దేది కాదు, అట్ల పిలిస్తే హాయిగా ఉన్నది, వాళ్ళకు నా నెత్తి ఫికర్ లేదు అనేది. నాకు పెళ్ళయి సంతోష్‌నగర్ వచ్చాను. చాచా పోయాక ఆయన కొడుకులు దుకాణం అమ్ముకున్నారు. చుట్టూ ఇళ్ళు లేచి గడ్డి దొరకక బర్రెలు పోయాయి. అమ్మా బాపు కూడా ఒకరి వెనక ఒకరు పోయాక అక్క ఆ రెండు గదుల్లో ఒక్కతే ఉండిపోయింది. నా దగ్గరికి రమ్మంటే వచ్చేది కాదు. నేను పోయినప్పుడల్లా పీట వేసి నన్ను ముందు కూర్చోబెట్టుకొని, గోరువెచ్చని నూనె పోసి, పాయ పాయా తీసి, నా తల రుద్దేది. వద్దంటే వినేది కాదు. ఆమె వేళ్ళు నా తలలో ఏం వెతుక్కునేవో నేనెప్పుడూ అడగలేదు.

ఆ అక్క కిందటేడు చలికాలంలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోయింది. ఆఖరి స్నానం చేయించేటప్పుడు వరసైన ఆడవాళ్ళు తలకు నూనె పెట్టాలన్నారు, ఎవరూ ముందుకు రాలేదు, స్కార్ఫు మీద చెయ్యి వేయడానికి అందరికీ సంకోచం. నేనే విప్పి, దోసిట్లో నూనె తీసుకొని పోశాను. పట్టుకోవడానికి ఏమీ లేక అది అటూ ఇటూ జారి చెవుల మీదుగా పీట మీదికి కారిపోయింది. మళ్ళీ పోశాను. మళ్ళీ కారిపోయింది. ఇక చాల్లే అని ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు.

ఇప్పుడు పత్తర్‌గట్టిలో మా దుకాణం ఉన్నచోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. మేము అప్పుడు నోరు తిరగక నేర్చుకున్న మాటలు ఇప్పుడు ప్రతి సీసా మీదా ఉన్నాయి, పదేళ్ళ పిల్లలు కూడా గడగడా చదివేస్తున్నారు. బట్టతలకు వెంట్రుకలు నాటే క్లినిక్కులు రోడ్డుకొకటి వచ్చాయి, కానీ అక్కకు వచ్చినటువంటి మచ్చ మీద అవి కూడా సరిగా నిలవవట. అన్నీ వచ్చాయి, ఆమెకు కావలసింది మాత్రం ఇప్పటికీ రాలేదు. ఈ కాలంలో ఎవరి తల వాళ్ళే తలుపు వేసుకొని కడుక్కుంటున్నారు, దువ్వుకుంటున్నారు, ఒకరి తల ఇంకొకరి ఒళ్ళో పెట్టే తీరిక ఎవరికీ లేదు, అది తప్పని కూడా నేననను. అక్క పోయిన తర్వాత నా తలకు ఇంకొకరి చెయ్యి తగల్లేదు. నా జుట్టూ పలచబడింది, పాపిట వెడల్పయింది. నూనె నేనే రాసుకుంటున్నాను, వెనక వైపు సరిగా అందడం లేదు.