పడుకున్న చెట్టు

జియోకాషింగ్ ఆటను మా అక్కకు నేర్పింది నేనే. ఎవరో ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను వెబ్‌సైటులో పెడతారు. ఫోన్ చూసుకుంటూ వెళ్లి వెతకాలి. బెల్లంపల్లి దగ్గర దాచిన ఒకటి మాత్రం చిక్కుప్రశ్న రకం. అంకెల చివర ఆరు ఖాళీలు వదిలి, కింద ఒక వాక్యం రాశారు: “చెట్టు నిలబడి లేదు, పడుకుని నిద్రపోతోంది ఇక్కడే.” మాటమాటకూ అక్షరాలు లెక్కపెట్టమని సూచన.

మా నాన్నను, మేం బాపు అని పిలిచే ఆయనను, చూడటానికి బెల్లంపల్లి వెళ్లినప్పుడు ఆ వాక్యాన్ని కంప్యూటర్‌తో లెక్కపెట్టించాను. ‘నిద్రపోతోంది’కి పన్నెండు వచ్చింది. ఒక్క ఖాళీలో పన్నెండు ఎట్లా పడుతుంది?

“గా కంప్యూటరు గుణింతాలు, ఒత్తులు వేరువేరుగ లెక్కవెడుతుందేమోనే,” అంది అక్క. “నోటితోని అనుకుంట సూద్దాం.”

చప్పట్లు కొడుతూ ఇద్దరం చదివాం. ని, ద్ర, పో, తోం, ది. ఐదు! ‘చెట్టు’ రెండే. ఖాళీలన్నీ నిండగానే మ్యాపులో గుర్తు ఊరి బయటి తుప్పల్లోకి వెళ్లి నిలిచింది.

సాయంత్రం స్కూటీ మీద వెళ్లాం. ఆ చోట చెట్టన్నదే లేదు. అలసిపోయి అక్క ఒక మొద్దు మీద కూర్చుంది, వెంటనే లేచింది.

“జర చెయ్యివెట్టి సూడే. గిది కట్టె కాదు, రాయి!”

బెరడు గీతలు ఉన్నాయి. కొమ్మ విరిగిన చోట బుడిపె ఉంది. తెగిన కొసలో వలయం లోపల వలయం. అంతా రాయి. మనుషులే పుట్టని కాలంలో కూలి, రాయిగా మారిపోయిన చెట్టు. పక్కన రాళ్ల సందులో డబ్బా దొరికింది గానీ, దాన్ని తెరవాలన్న ధ్యాస ఇద్దరికీ చాలాసేపు కలగలేదు.

మర్నాడు బాపును తీసుకెళ్లాం. ఉద్యోగమంతా బొగ్గుబాయిలో చేసిన మనిషి. చెప్పులు విడిచి, వంగి, ఆ వలయాల మీద వేలు తిప్పాడు.

“చెట్లే బొగ్గయితయని ఇన్న బిడ్డా. గిట్ల రాయి గూడ అయితదని నాకు తెల్వది,” అన్నాడు.

పొద్దు గూకుతున్నా అక్కడి నుంచి కదలలేదు. “ఇంకొంచెంసేపు ఉందాం,” అన్నాడు.