ఒడిలో స్టీరింగ్

రాజోలు నుంచి అమలాపురం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒడిలో పాత కాంటెస్సా కారు స్టీరింగ్ ఉంది. పక్షవాతంతో ఎడమకాలు పడిపోయాక ఇంట్లోవాళ్లు కారు అమ్మేయమన్నారట. ఆయన అమ్మకుండా అమలాపురం షెడ్డులో దానికి కొత్త ఇంజను వేయిస్తున్నారు.

"మూడు పెడల్స్‌కి ఒక్క కాలంటే లెక్క కుదరదేమోనండీ," అన్నాను.

"ఆయ్, అందుకే ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టించేనండి. క్లచ్చే లేదు. మిగిలిన రెండూ కుడికాలు చూసుకుంటాదండి."

"కొత్త కారే కొనుక్కోవచ్చు కదండీ?"

"అది నన్నెరగదు కదండీ," అని నవ్వారు.

తాటిపాక మలుపు దగ్గర ఆయన కుడిపాదం మెల్లగా నేలను నొక్కింది, చేతులు స్టీరింగ్ తిప్పాయి. ఆ తర్వాతే బస్సు తిరిగింది.

ఇప్పటికీ ఆ మలుపు వస్తే నా కుడిపాదం బ్రేకు వెతుక్కుంటుంది. నాకు డ్రైవింగ్ రాదు.