కింద కుడివైపు గడి

అందరికీ అతను అద్దం. కన్నవాళ్లు పెట్టిన పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. కిటికీలకీ షోకేసులకీ అద్దాలు కోసి బిగించడం అతని పని. అద్దం కోసే కలంతో పలక మీద ఒక్క గీత గీసి, బల్ల అంచుకు జరిపి, అరచేత్తో చిన్నగా తట్టేవాడు. టక్కుమని విరిగేది. తన చేతులంటే అతనికి మహా గర్వం. దాన్ని దాచుకోవడం మాత్రం చేతకాదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అతని ముందుగదిలోకి ముగ్గురు చేరేవాళ్లు. ఇద్దరు చిన్ననాటి నేస్తాలు: ఒకడు బస్సు డ్రైవరు, ఇంకొకడు సెలూన్ నడిపే కత్తెర. మూడోవాడు అతని బామ్మర్ది. పాత టీవీకి ఓ పాత వీడియో గేమ్ పెట్టె, దానికి నాలుగు కంట్రోలర్లు. ఆట మొదలవగానే తెర నాలుగు గడులుగా చీలేది, అచ్చం అతను బిగించే నాలుగు పలకల కిటికీలాగే. గడికొకడు, చేతికో తుపాకి. ఎదుటివాణ్ణి కాలిస్తే ఒక పాయింటు. చచ్చినవాడు మరుక్షణం ఇంకో మూల లేచి పరిగెత్తేవాడు. మేడ మీంచి జారి పడితే మాత్రం ఉన్నదాంట్లో ఒక పాయింటు ఊడేది. బామ్మర్దికి ఆ పడడం మామూలే.

"నిన్ను చంపడానికి మేమెందుకురా, నీ కాళ్లు చాలు" అనేవాడు కత్తెర.

"బావా, చూడు! డ్రైవరన్న నా గడిలోకి తొంగి చూసి ఎక్కడున్నానో కనిపెట్టేస్తున్నాడు!"

"నాలుగు పక్కలా చూడకపోతే బస్సు ఏ కాలవలోకో పోద్దిరా. అలవాటు, ఏం చెయ్యను?"

కింద కుడివైపు గడి అద్దానిది. ఆ గడివాణ్ణి కాల్చగలిగిన రోజున కత్తెర వారమంతా సెలూన్‌లో గడ్డాలు గీస్తూ ఆ ముచ్చటే చెప్పేవాడు.

ఒకరోజు ఓ బట్టల కొట్టు మెట్ల మీద పెద్ద పలక అతని చేతుల్లోంచి జారింది. తడి చెయ్యి అనుకున్నాడు. తర్వాత చొక్కా గుండీ పట్టుబడలేదు. తర్వాత గీత వంకరపోయింది. పెద్దాసుపత్రి డాక్టరు అటు చూసి ఇటు చూసి, ఇది నరాల జబ్బనీ, కండలు ఒక్కొక్కటే పని మానేస్తాయనీ, మందు లేదనీ, బుర్ర మాత్రం చివరిదాకా తేటగా ఉంటుందనీ చెప్పాడు. ఈ చివరి మాట ధైర్యం కోసం చెప్పాడో ఏమో. అద్దానికి అన్నింటికన్నా భయం వేసింది దానికే.

పనిలో అందరూ మంచివాళ్లయిపోయారు. బరువు మొయ్యనివ్వరు, మెట్లెక్కనివ్వరు, చివరికి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అతను మారుమాట్లాడకుండా ఇంటికొచ్చేశాడు. ఇక ఆదివారం కోసమే చూసేవాడు.

ఓ ఆదివారం ఆటలో అతనే మొదట నిలిచాడు. బొటనవేలు మీటని సగం కూడా నొక్కడం లేదు, బొమ్మ గోడకి గుద్దుకుంటోంది, అయినా అతనే గెలిచాడు! అనుమానం వచ్చి తన గడి వదిలేసి పక్క గడుల్లోకి చూశాడు. డ్రైవరు గడిలో గురి గుర్తు తన బొమ్మ వీపు మీదికి వచ్చింది. ఆగింది. గోడ మీదికి తిరిగింది. కత్తెర గడిలోనూ, బామ్మర్ది గడిలోనూ అంతే. తెర ఒకటేననీ, తమ జాలి కూడా దాని మీదే కనబడుతుందనీ పాపం వాళ్లకి తట్టలేదు.

"గోడ ఏం చేసిందిరా మిమ్మల్ని?" అన్నాడు.



"గురి తప్పింది బావా" అన్నాడు బామ్మర్ది.

"ముగ్గురికీ ఒకేసారా? ఒరేయ్, బయటంతా నన్ను అయ్యో పాపం అన్నారు, పడ్డాను. మిగిలింది ఈ గదొక్కటే. ఇక్కడ కూడా పేషెంటును చేస్తే నేనెక్కడికి పోనురా? కాల్చండి. గెలిస్తే నేను గెలవాలి, ఓడితే నేను ఓడాలి."

కత్తెర ముక్కు చీదుకుని, మొదటి తూటాకే అతన్ని పడగొట్టాడు. "హమ్మయ్య" అన్నాడు అద్దం.

ఆ తర్వాత అతను గెలిచింది లేదు. ఎడమచెయ్యి పోయాక భార్య పక్కన కూర్చుంది. కంట్రోలర్ అతని ఒళ్లో పెట్టి, నడిపేది ఆమె. మీట మీద వేలుంచి కాల్చేది అతను. ఆమెకి ఆట రాదు. బొమ్మని తీసుకెళ్లి తిన్నగా శత్రువు ముందు నిలబెట్టేది.

"కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి అన్నయ్యా! ఒరేయ్ తమ్ముడూ, నిన్ను చంకనేసుకుని తిప్పానురా, నన్నే కాలుస్తావా?"

"నువ్వు ఆగి నిలబడితే ఏం చెయ్యనక్కా?"

అద్దం భుజాలు నవ్వుతో కదిలేవి. మాట అప్పటికే ముద్దకట్టింది. ఆ మాటలు ఆమెకొక్కతెకే అర్థమయ్యేవి.

చివరి ఆదివారం అతని లెక్క సున్నా దగ్గరే ఉంది. బామ్మర్ది మేడ మెట్ల మీద అటు తిరిగి ఉన్నాడు. ఆమె బొమ్మని తిన్నగా వాడి వెనక్కి తీసుకొచ్చింది. గురి కుదిరింది.

"కాల్చండి, కాల్చండి!"

వేలు కదల్లేదు. అతని నుదురు చెమట పట్టింది. వేలు కదల్లేదు. ఆమె తన వేలు అతని వేలి మీద పెట్టి నొక్కింది.

తుపాకి పేలింది. సున్నా ఒకటయింది. డ్రైవరు చప్పట్లు కొట్టాడు.

అద్దం ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడమ్మా?" అని అడిగాడు డ్రైవరు.

బాగుందంటున్నారు అని చెప్పేస్తే తెలిసేవాళ్లెవరూ లేరక్కడ. ఆమె అతని మొహం చూసింది.

"ఆయన కాల్చలేదంట. అది తీసెయ్యమంటున్నారు."

"మెషీన్ వేసిన పాయింటు మనమెలా తీస్తాం బావా?" అన్నాడు బామ్మర్ది.

అద్దం మళ్లీ ఏదో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "నా చేత్తో చెయ్యను." అతను కళ్లు ఆమె మీంచి తిప్పలేదు. "మేడ మీంచి దూకించమంటున్నారు" అంది, ఎటో చూస్తూ.

ముగ్గురూ కంట్రోలర్లు ఒళ్లో పెట్టేసుకున్నారు. ఆమె బొమ్మని మెల్లగా అంచుదాకా నడిపింది. ఆగింది. తోసింది. కింద కుడివైపు గడిలో ఆకాశం, గోడ, నేల తిరిగాయి. ఒకటి సున్నా అయింది. బొమ్మ ఇంకో మూల లేచి, అక్కడే నిలబడింది.

అతని పెదాలు కదిలాయి. ఈసారి ఎవరూ అడక్కముందే ఆమె చెప్పింది.

"ఆడండి అంటున్నారు."

తమ్ముడు మోచేత్తో కళ్లు తుడుచుకుని, గురి చూసి, అక్క చేతుల్లో ఉన్న ఆ బొమ్మని కాల్చాడు.