చంద్రుడి ఏ అంచు?

2023 డిసెంబరు. గల్ఫ్ నుంచి విశాఖ వస్తున్న సరుకు ఓడలో నేను థర్డ్ ఆఫీసర్‌ని. ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా డ్యూటీ నాది. ముందు లక్షద్వీపాలు ఉన్నాయనగా జీపీఎస్ ఆగిపోయింది. ఆ దీవులు నీటికి కాస్తే పైకి ఉంటాయి, చుట్టూ పగడపు దిబ్బలు. రాడార్‌లో ఆలస్యంగా కనిపిస్తాయి. ఎక్కడున్నామో తెలియకుండా అటు వెళ్ళకూడదు.

కెప్టెన్ గారు సెక్స్‌టెంట్ తీయమన్నారు. సూర్యచంద్రులు ఆకాశంలో ఎంత ఎత్తులో ఉన్నారో కొలిచే పరికరం అది. అద్దంలో బింబాన్ని కిందికి దించి, దాని అంచును సముద్రం చివరి గీతకు తాకించాలి. ఒక్కో కొలతకు మ్యాపు మీద ఒక్కో గీత వస్తుంది. రెండు గీతలు కలిసిన చోట ఓడ ఉన్నట్టు. ఆ ఉదయం తూర్పున సూర్యుడు, పడమట సగం చంద్రుడు, ఇద్దరూ ఉన్నారు.

పక్కన టైము రాయడానికి సత్యం బాబాయి గారు నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ళుగా ఓడల్లో ఉన్న సీమన్, రాజోలు ఆయన. మాది ఆలమూరని తెలిసిన రోజు నుంచి నాకు బాబాయే.

"చెయ్యి వణుకుతోందండీ మేడం గారూ."

"ఓడ ఊగుతోంది బాబాయి గారూ."

"ఆయ్. ఓడేలెండి."

లెక్క వేశాను. దీవులు ఇంకా చాలా దూరం. ఊపిరి పీల్చుకుని కెప్టెన్ గారి దగ్గరికి బయల్దేరుతుంటే బాబాయి గారు పుస్తకం పట్టుకుని అడ్డం వచ్చారు.

"ఇక్కడ ఖాళీ ఉండిపోయిందండీ. చంద్రుడి ఏ అంచో మీరు చెప్పలేదు. పాత కెప్టెన్ గార్లు కొలవగానే 'అప్పర్' అనో 'లోవర్' అనో అరిచేవోరు, నేను రాసేవోణ్ణి."

"పై అంచే. కింది సగం చీకటిగా ఉందిగా..."

అంటూనే లెక్క కాగితం మళ్ళీ చూశాను. చంద్రుడి పై అంచు కొలిస్తే లెక్కలోంచి ముప్ఫై నిమిషాలు తీసేయాలి. అవి గడియారం నిమిషాలు కావు, కోణానివి. నిమిషానికి ఒక మైలు. రోజూ సూర్యుడి కింది అంచు కొలిచే అలవాటులో నేను తీయలేదు. మళ్ళీ వేస్తే ఆ గీత ముప్ఫై మైళ్ళు తూర్పుకి, దీవుల వైపుకే జరిగింది.

తప్పుతో సహా కెప్టెన్ గారికి చెప్పాను. ఆయన వెంటనే ఓడ దారి మళ్ళించారు. మధ్యాహ్నానికి రాడార్‌లో దీవి కనిపించింది, రెండో లెక్క చెప్పిన చోటే.

"మీరు అడక్కపోతే ఏమయ్యేది బాబాయి గారూ?"

"లెక్కలు నాకేం తెలుసండీ. ఖాళీ ఉంటే చూడబుద్ధి కాదు, అంతే."

లెక్క నేను కాలేజీలో నేర్చుకున్నాను. చేసిన పని పక్కవాళ్ళకు వినపడేలా చెప్పి రాయించడం ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు ఒడ్డునే ఉన్నాను. మా పాపకు పది నెలలు. రెండు రోజులుగా జ్వరం. అత్తయ్య గారూ నేనూ వంతులేసుకుని మందు వేస్తున్నాం. ఒకరు వేశాక తెలియక ఇంకొకరు కూడా వేస్తారేమోనని నాకు ఒకటే భయం. అందుకే వేయగానే టైము అరుస్తున్నాను, గోడ మీది క్యాలెండర్‌లో రాయిస్తున్నాను.

"జ్వరం మందు, ఎనిమిదింబావు!"

"ఆయ్, రాసేనమ్మా. మన వీధంతా రాసుకునే ఉంటారు" అన్నారు వంటింట్లోంచి అత్తయ్య గారు.

ఇది రాయడానికి కూర్చునే ముందు గోడ మీది క్యాలెండర్ చూసి వచ్చాను. ఎక్కడా ఖాళీ లేదు. పాప ఒళ్ళు చల్లబడింది.